కడవ అడుగు నీళ్ళు తాగిన కారు

మొన్న దీపపు కుందులు తోముదామని చింతపండు నానబెట్టి, ఆ నీళ్ళు కాస్త వెచ్చజేసి ఇత్తడి మీద పొయ్యగానే గుప్పున లేచిన పుల్లటి వాసనకి నాకు దేవుడు గుర్తుకు రాలేదు, మా బాబాయి కారు గుర్తుకొచ్చింది. ఆ మాటే పైకి అంటే ఇంట్లో పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వరా మరి! వాళ్ళ కార్లు షెడ్డుల్లో పడుకుంటాయి. మా కారు పశువుల కొట్టంలో గేదెల పక్కన ఉండేది, గేదెలతో పాటే నీళ్ళు తాగేది, ఆ నీళ్ళే ఒకనాడు మా అందరి ప్రాణాలూ గుప్పిట్లో పెట్టించాయి.

మాది తాడేపల్లిగూడెం పక్కన పెంటపాడు. తెల్లవాళ్ళ రాజ్యం ఇంకా నడుస్తున్న ఆ ముప్ఫైల చివరి రోజుల్లో నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ధనుర్మాసం వచ్చిందంటే కొల్లేటి వైపు నుంచి మంచు పాక్కుంటూ వచ్చి, కోతలైన మళ్ళ మీద పరుచుకుని, పొద్దెక్కినా కదలనని మొండికేసేది. ఆ మంచులో కొత్త గడ్డి వాసన, కుండలో తంపటి వేసిన తేగల వాసన, పెనం మీద అల్లం పెసరట్టు వాసన కలిసిపోయి, ఏ వాసన ఎవరింటి నుంచి వస్తోందో ముక్కుతో పోల్చుకోవడమే మాకొక ఆట అయ్యేది. అరుగు మీద చింతపిక్కలు ఆడి ఆడి వేళ్ళు కొంకర్లు పోతే పరుగెత్తుకెళ్ళి గేదె పొట్ట కింద చేతులు పెట్టుకునేవాళ్ళం. అంత వెచ్చదనం నాకు మళ్ళీ ఏ రగ్గులోనూ దొరకలేదు.

ఆ రోజుల్లో తాగడానికి కాలువ నీళ్ళే. గోదావరి ఒండ్రుతో చిక్కటి టీ రంగులో ఉండే ఆ నీళ్ళని పెరట్లో కడవల్లో నింపి, మా నాయనమ్మ చిల్లగింజ తీసుకుని ఒక్కో కడవ లోపలి అంచుకీ గుండ్రంగా అరగదీసేది. కాసేపటికి మట్టంతా అడుక్కి దిగి, పైన నీళ్ళు అద్దంలా తేరుకునేవి. పైనీళ్ళు మనుషులకి, అడుగు నీళ్ళు గొడ్లకి. ఒక్క చుక్క పారబోసినా ఆవిడకి ప్రాణం పోయినట్టుండేది. కొట్టంలోకి కారొచ్చి చేరాక ఇంజను మరీ వేడెక్కకుండా దాని ముందు మూత విప్పి పోసే నీళ్ళు కూడా ఆ లెక్కలోకే పోయాయి.

"కొట్టంలో ఉన్నదానికి మడేంట్రా? ఇనప గొడ్డుకి తేరిన నీళ్ళు కావాలా?" అనేది.

బాబాయి నవ్వేసి, ఆ అడుగు నీళ్ళే కారుకి పోసేవాడు. నీళ్ళు నీళ్ళే కదా అని ఆయన ధీమా.

ఆ కారు ఆయన మద్రాసులో కొన్న పాతది. అంతకుముందు ఎక్కడో చలికొండల మీద కాఫీ తోటల దొర దగ్గర ఉండేదట. ముందు సీటు వాళ్ళ కాళ్ళ దగ్గర గుండ్రటి ఇనప డబ్బా ఒకటి బిగించి ఉండేది. ఇంజనులో కాగిన నీళ్ళు ఒక రబ్బరు గొట్టంలోంచి ఆ డబ్బాలోకి వచ్చి, లోపలి సన్నటి రాగి గొట్టాల్లో తిరిగి, ఇంకో గొట్టంలోంచి వెళ్ళిపోతాయి. వెనకున్న బుల్లి ఫ్యాను ఆ వేడిని కారులోకి తోస్తుంది. చెమటలు కారే మా సీమలో ఇదెందుకు? బాబాయి కుంపటిని వెంటేసుకుని తిరుగుతున్నాడని ఊరంతా ఆటపట్టించింది. ఆయన ఒక్కనాడూ దాని మీట నొక్కిన పాపాన పోలేదు.

అలాంటి డబ్బా కోసం ఇంటిల్లిపాదీ దేవుళ్ళకి మొక్కుకునే రోజు వచ్చింది. ఆ ఏడు ధనుర్మాసంలో మా తమ్ముడు నెలలు నిండకుండానే ఏలూరు ఆసుపత్రిలో పుట్టాడు. పిడికెడు మనిషి. దూదిలో చుట్టి, రెండు పక్కలా వేన్నీళ్ళ సీసాలు పెట్టి, అమ్మా నాన్నా రెప్ప వెయ్యకుండా కాచుకుంటుంటే, ఆ వార్డులోకే కోరింత దగ్గు పిల్లలు వచ్చి చేరారు. వెంటనే ఇంటికి తీసుకుపొమ్మంది డాక్టరమ్మ. దారిలో చలి తగిలితే మాత్రం బిడ్డ దక్కడని కూడా చెప్పింది. నాన్న ఆ కబురు మనిషి చేత పంపాడు. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. ఎండ మొహం చూసి నాలుగు రోజులైంది, కొల్లేటి మీది నుంచి ఈదురుగాలి తడిగుడ్డతో కొట్టినట్టు కొడుతోంది. రైల్లో తేవాలంటే కిటికీల గాలి, ఆపైన స్టేషను నుంచి ఎద్దుబండి. కారులో కుంపటి పెడితే పొగకే పసిగుడ్డు ఉక్కిరిబిక్కిరవుతాడు. సీసాల్లో నీళ్ళు సగం దారిలో భీమడోలు చేరేలోపే చల్లారిపోతాయి.

"నీ దొర డబ్బా ఉందిగా, వెలిగించు," అంది నాయనమ్మ.

బాబాయి ఇంజను తిప్పి, మీట నొక్కాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. నాయనమ్మ ముందు సీట్లో కూర్చుని, అన్నం వేడి చూసినట్టు చెయ్యి తిరగేసి డబ్బా ముందు పెట్టింది. వచ్చింది చల్లగాలి. ఎంతసేపు ఆగినా గోరువెచ్చన కూడా కాలేదు.

"బయట గాలికి ఇంజనే కాగడం లేదమ్మా," అని బాబాయి కొల్లేటి తుంగచాప ముక్క కోసి కారు మూతికి అడ్డం కట్టాడు. ఇంజను కాగింది, మూత దగ్గర ఆవిర్లు కూడా లేచాయి. డబ్బా మాత్రం చల్లగానే ఉంది. అప్పుడాయన ఇంజను మీది రేకెత్తి రెండు గొట్టాలూ తడిమాడు. లోపలికి పోయే గొట్టం చుర్రుమంది. తిరిగొచ్చే గొట్టం చల్లగా ఉంది. నీళ్ళు డబ్బా దాకా వచ్చి ఆగిపోతున్నాయన్నమాట.

ఇంజను చల్లార్చి గొట్టాలు ఊడదీస్తే డబ్బాలోంచి నీళ్ళు రాలేదు. మెత్తటి ఎర్రమట్టి, జారుడుగా, ముద్దలు ముద్దలుగా దిగింది. నాయనమ్మ వంగి దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసింది. ఆ మట్టి ఆవిడకి తెలియనిది కాదు. కడవలు కడిగినప్పుడల్లా చేతికంటేదే.

"ఇది నా కడవల అడుగు మట్టేరా," అంది మెల్లిగా. "నా మనవడికి అడ్డం పడింది నేనే."

అంత గొంతున్న మనిషి అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆవిడ ఎక్కువసేపు అలా నిలబడలేదు. లోపలి గొట్టాలు దేనితో చేశారని అడిగింది. రాగితోనండీ అని, ఎప్పుడూ లేని అండీ ఒకటి తగిలించి మరీ చెప్పాడు బాబాయి. రాగైతే నాకొదిలెయ్ అని లోపలికెళ్ళి, ఏడాదికని దాచిన చింతపండు సగానికి సగం డేగిసాలో వేసి కాచింది. ఆ పులుపు నీళ్ళు వడగట్టి డబ్బాలో పోసి నానబెట్టారు. తర్వాత తేరిన నీళ్ళని, మట్టి వచ్చిన దారికి ఎదురుగా, తిరిగొచ్చే గొట్టం వైపు నుంచి పోస్తూ కడిగారు. ఎర్రటి నీళ్ళు పసుపై, పసుపు తెల్లనై, చివరికి కడవ పైనీళ్ళలా వచ్చాయి.

అన్నీ బిగించి మళ్ళీ తిప్పితే డబ్బాలో గుడగుడమని చప్పుడు, వేడి మాత్రం లేదు. "గొట్టాల్లో గాలి చిక్కుకుంది," అని బాబాయి కారుని కాలువ గట్టు ఏటవాలు మీదికి, మూతి పైకి ఉండేలా ఎక్కించి, నీళ్ళు పోసే మూత తీసి కాసేపు ఇంజను నడవనిచ్చాడు. బుడగలు బుడబుడమని పైకొచ్చాయి, నీళ్ళు కిందికి దిగాయి, తగ్గినంతా మళ్ళీ నింపాడు. ఆ తర్వాత నాయనమ్మ డబ్బా ముందు చెయ్యి పెట్టి, ఒక్కసారిగా వెనక్కి లాక్కుంది.

"కాలుతోందిరా!" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

తలుపుల సందుల్లో పాత చీరలు కుక్కుకుని, ఉంగుటూరు, భీమడోలు, గుండుగొలను మీదుగా ఏలూరు వెళ్ళాం. తిరిగొస్తున్నప్పుడు అమ్మా, నాన్నా, నేనూ వెనక సీట్లో ఇరుక్కున్నాం. నాయనమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. కారంతా వేడి రబ్బరు వాసన, చింతపండు వాసన. అద్దాల మీద వాన. ఒక చెయ్యి వాడి మీద, వేడి ఎక్కడ ఆగిపోతుందోనని ఇంకో చెయ్యి డబ్బా ముందు. ఇల్లు చేరేదాకా ఆవిడ ఆ రెండో చెయ్యి తియ్యలేదు. దించేటప్పటికి అరచెయ్యి మందారంలా ఎర్రబడి ఉంది. వాడు మాత్రం నిక్షేపంలా నిద్రపోతున్నాడు.

మర్నాటి నుంచి మా ఇంట్లో కడవ తేరగానే మొదటి చెంబు కారుకి, ఆ తర్వాతే మాకు. కారు పాతసామానులో పోయేదాకా ఆ ఆచారం తప్పలేదు. ఇప్పుడు కాలువ నీళ్ళు ఎవరూ తాగరు. చిల్లగింజ చూపిస్తే మా పిల్లలు ఏ చెట్టు గింజ అని అడుగుతారు. కొట్టం లేదు, గేదెలు లేవు, మా నాయనమ్మా లేదు.

ఆ పిడికెడు మనిషికి ఇప్పుడు బట్టతల, బొజ్జ. మొన్న ధనుర్మాసంలో మంచు పడుతున్న పొద్దున నన్ను కారులో ఏలూరు తీసుకెళ్ళాడు. అక్కకి చలేస్తోందని ఏదో మీట తిప్పాడు. ఎదురుగా ఉన్న కన్నంలోంచి వెచ్చటి గాలి వచ్చింది. నా చెయ్యి తనంతట తానే వెళ్ళి దాని ముందు నిలబడింది.

"అదేంటక్కా, గాలికి అడ్డం పెడతావ్? చెయ్యి తియ్యి," అన్నాడు వాడు.

"నువ్వు బండి తోలరా," అన్నాను. ఊరొచ్చేదాకా తియ్యలేదు.