రెండో గుండీ లేని సిపాయి

నా చిన్నప్పుడు నా కుడిచేయి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉండేది. ఐదో ఏట పొయ్యి మీది గంజి ఒలికి ఆ చేయి కాలింది. పుండు మానింది, కొత్త చర్మం వచ్చింది, ఇక భయం లేదని వైద్యుడు కూడా అన్నాడు. నొప్పి పోయింది కానీ నొప్పి భయం పోలేదు. వేళ్ళు తెరిస్తే మళ్ళీ ఏదో అవుతుందన్నట్టు చేతిని పావడా మడతల్లో దాచుకొని తిరిగేదాన్ని. ఎడమచేత్తో అన్నం తినబోతే అమ్మ చేతి మీద ఒకటి వేసేది. తరువాత తనే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. రెండు పనులూ ఏడుస్తూనే చేసేది.

సికింద్రాబాదులో రెజిమెంటల్ బజారు వెనుక ఒక సన్నటి గల్లీ మాది. నాన్నకు గూడ్సు బండ్ల మీద ఉద్యోగం, ఇంట్లో ఉండేది తక్కువ. గల్లీ మొదట్లో ఒక వీధిబడి ఉండేది. ఆ ఏడు ఎండాకాలంలో అమ్మ నన్ను అక్కడికి తీసుకుపోతే పంతులు నా చేతికి బలపం ఇచ్చి చూశాడు. నేను దాన్ని రోకలి పట్టినట్టు పట్టుకున్నాను. పలక మీద గీత పడకముందే అది విరిగింది. ఎలాగూ పిల్లలను బడిలో వేసేది దసరాకే కదా, అప్పటికి వేళ్ళతో పట్టుకోగలిగితే తీసుకురమ్మన్నాడు, లేకపోతే ఇంటిపని నేర్పించుకోమన్నాడు. ఆయన కోపంగా ఏమీ చెప్పలేదు. అందుకే అమ్మకు ఎక్కువ భయం వేసింది.

మా గోడకు ఆనుకొని ఉన్న ఇంట్లో చాచా ఒక్కడే ఉండేవాడు. అందరూ ఆయనను చాచా అనే పిలిచేవారు, నేనూ అంతే. ఫోటోలకు రంగు వేయడం ఆయన పని. అప్పట్లో కెమెరాకు రంగులు తెలియవు. స్టూడియోవాళ్ళు గోధుమ ఛాయలో ఫోటోలు అచ్చువేసి పంపితే, చాచా వాటిలోని చీరకు ఎరుపు, నగలకు పసుపు, బుగ్గలకు గులాబీ ఎక్కించేవాడు. కుంచె వాడేవాడు కాదు. వెదురుపుల్ల కొసకు చిటికెడు దూది పెట్టి, బొటనవేలికీ పక్క రెండు వేళ్ళకూ మధ్య తిప్పుతూ చుట్టేవాడు. గొట్టంలోంచి పిండిన నూనెరంగును ఆ దూదికి ముట్టించి, ఫోటో మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దేవాడు. దూది వదులైతే పోగులు అంటుకుంటాయి. మరీ బిగిస్తే ఫోటో గీసుకుపోతుంది.

అమ్మ గోడ మీదుగా ఆయనతో నా సంగతి చెప్పుకున్నట్టుంది. మర్నాడు చాచా నన్ను పిలిచి గుమ్మం పక్కన చాప వేశాడు. నా ముందు ఒక సిపాయి ఫోటో పెట్టాడు. తలపాగా, కోటు, నడుముకు తోలుపట్టా, మీసం ఇంకా సరిగ్గా రాని ముఖం.

“ఈయన లడాయికి పోయిండు బిడ్డా. వాళ్ళమ్మకు ఫోటో పంపాలె. నాకేమో పని ఎక్కువుంది. జెర రంగేస్తవా?”

నా చేయి పనిచేయదని చెప్పాను.

“చెయ్యి ఎందుకు? రంగేసేది దూది. నువ్వు పుల్ల పట్టుకుంటే చాలు.”

వైద్యుడూ అమ్మా నా వేళ్ళను ఒక్కొక్కటే విప్పి సాగదీసేవారు. చాచా నా చేతిని ముట్టుకోలేదు. దూది నా ముందు పెట్టి తన పని తాను చేసుకున్నాడు. పిడికిలితో చిటికెడు దూది తీయడం ఎవరివల్లా కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలియదు. ఆ సిపాయి తల్లి ఎదురుచూస్తున్నదన్న ఒక్క మాటకు నేను వేళ్ళు విప్పాను.

మొదటిరోజు తలపాగా ఒక్కటే అయింది. ఎరుపు అంచు దాటి చెవి మీదికి పాకింది. చాచా కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, “చెవికి సుత చుట్టినవా? మంచిదే, సలికాలం వస్తుంది” అన్నాడు.

ఆ ఫోటో పూర్తయ్యాక ఇంకొక సిపాయి వచ్చాడు. అదే తలపాగా, అదే నిలబడటం. ఇతనూ అలాగే ఉన్నాడేమిటని అడిగితే, పల్టన్ అంటే సిపాయిల దండు, అందులో అందరూ ఒకే తీరుగా ఉండాలని, లేకపోతే పెద్ద దొర దండిస్తాడని చెప్పాడు. నాకు అది సబబుగానే తోచింది. కాకపోతే, ఏది కనబడినా లెక్కపెట్టే గుణం నాకు అప్పటికే ఉంది. మొదటి సిపాయి కోటుకు పై నుంచి రెండో గుండీ లేదు. దారం పోగు ఒకటి మాత్రం మిగిలి ఉంది. ఈ కొత్త సిపాయికీ లేదు.

“చాచా, ఈయనకు సుత గుండీ లేదు.”

చాచా ఫోటోను దగ్గరికి తీసుకొని చూశాడు. “పల్టనంతకు దర్జీ ఒక్కడే బిడ్డా. ముసలోడు. రెండో గుండీ దగ్గరికొచ్చేసరికి వానికి నిద్రొస్తది.”

నేను పడీపడీ నవ్వి, ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పాను. అమ్మ కూడా నవ్వింది, నాకంటే ఎక్కువసేపు.

అలా వానాకాలమంతా సిపాయిలు వస్తూనే ఉన్నారు. తలపాగా, కోటు లాంటి పెద్ద జాగాలు ముందు, గుండీలు తరువాత, ముఖం అన్నిటికన్నా చివర. అప్పటికి చేయి కుదురుకుంటుందని చాచా అనేవాడు. గుండీకి పసుపు పెట్టాలంటే దూదిని సూదిమొనలా చుట్టాలి, ఊపిరి బిగబట్టాలి, మణికట్టు కదలకుండా వేళ్ళు మాత్రమే కదపాలి. ఎంతవరకు రుద్దాలో, ఎక్కడ ఆపాలో కన్ను ముందు చూసి వేలికి చెప్పాలి. ఇవన్నీ నేర్చుకుంటున్నానని నాకు తెలియదు. నేను ఫోటోలు పంపుతున్నాననే అనుకున్నాను. ఒకరోజు చాచా, ఒక సిపాయి తల్లి నుంచి కబురు వచ్చిందన్నాడు. రంగు బాగుందట, కానీ కొడుకు చెవి ఎర్రగా ఉందేమని అడిగిందట. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అప్పటి నుంచి ఏ సిపాయి చెవికీ ఎరుపు తగలనివ్వలేదు. పడుకునేటప్పుడు ఆ తల్లులను లెక్కపెట్టుకునేదాన్ని. ఒక చిన్న ఊరికి సరిపడేంతమంది అయ్యారు.

వానలు తగ్గుతుండగా ఊళ్ళో గడబిడ ముదిరింది. మోండా మార్కెట్లో సగం దుకాణాలు మూతబడ్డాయి. కొందరు మూటలు కట్టుకొని స్టేషన్‌కు పోయి, బండ్లు లేవని తిరిగి వచ్చారు. ఏ గుమ్మంలో ఇద్దరు నిలబడినా రజాకార్ల మాట, యూనియన్ మిలటరీ మాట. స్టూడియో నుంచి చాచాకు పని రావడం ఆగిపోయింది. ఆయన రంగుల గొట్టాలు అడుగు నుంచి చుట్టలు చుట్టుకుపోయాయి. బయటి దేశం నుంచి వచ్చే సరుకు అది, మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అయినా నా కోసం వాటిని గోటితో నొక్కి నొక్కి పిండేవాడు.

తరువాత ఒకరోజు మిలటరీ వచ్చిందన్నారు. పెద్ద రోడ్డు మీదికి జనం పోతుంటే అమ్మ నన్నూ తీసుకుపోయింది. అందరూ లారీలను చూస్తున్నారు, నేను కోట్లను చూస్తున్నాను. లడాయికి పోయిన మా వాళ్ళు తిరిగి వచ్చారని నా లెక్క. మొదటి లారీలో ఉన్నవాళ్ళకు రెండో గుండీ ఉంది. రెండో లారీలోనూ ఉంది. ఒక లారీ మా ముందే ఆగింది. నీళ్ళ కోసం దిగిన సిపాయి పక్కనే నిలబడి కుండలోంచి తాగుతున్నాడు. నేను మునివేళ్ళ మీద లేచి అతని రెండో గుండీని పట్టుకొని లాగి చూశాను. గట్టిగా కుట్టి ఉంది. అతను నవ్వి తన భాషలో ఏదో అన్నాడు. అమ్మ నన్ను వెనక్కి గుంజింది.

“అమ్మా, వీళ్ళ దర్జీకి నిద్ర రాలే” అన్నాను.

ఈసారి అమ్మ నవ్వలేదు. ముఖం పక్కకు తిప్పుకుంది. మా సిపాయిలు ఏమయ్యారో చాచానే అడగాలనుకున్నాను.

అమ్మ చేయి విడిపించుకొని గల్లీలోకి పరుగెత్తాను. చాచా ఇంటి వీధి తలుపు గడియ వేసి ఉంది. మా పెరటి గోడ సందులోంచి దూరి ఆయన పెరట్లోకి పోయాను. చాచా మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. పక్కన చిన్న గిన్నెలో తార్పీను నూనె. ఆ వాసన నాకు బాగా తెలుసు, చేతులకు అంటిన రంగు దానితోనే తుడిచేవాడు. ఆయన మోకాలి మీద నా సిపాయి ఉన్నాడు, నిన్న పూర్తి చేసిన సిపాయి. చాచా నూనెలో ముంచిన దూదితో అతని తలపాగా తుడుస్తున్నాడు. ఎరుపంతా దూదికి వచ్చేసింది. తరువాత కోటు పోయింది. తరువాత ఒక్కొక్కటే గుండీలు పోయాయి.

“చాచా, గది నాది.”

ఆయన ఉలిక్కిపడి ఫోటోను లుంగీ మడతలోకి దాచబోయి, మానుకున్నాడు.

“మిగిలినోళ్ళు ఏరి?” అన్నాను.

చాచా దూదిని గిన్నె అంచున పెట్టాడు. “మిగిలినోళ్ళు ఎవ్వరు లేరు బిడ్డా. ఈయనొక్కడే. ఫోటో దిగి లడాయికి పోయిండు. తీస్కపోనీకి మళ్ల రాలే.”

రంగు తుడిచినందుకు నాకంత బాధ కలగలేదు. చెవి ఎర్రగా ఉందేమని అడిగిన తల్లి కూడా లేదన్నమాట. నేను రోజూ లెక్కపెట్టుకున్న ఊరు ఊరంతా ఒక్క గడియలో ఖాళీ అయిపోయింది. ఇంటికి వచ్చి, నీకు తెలుసా అని అమ్మను అడిగాను. అమ్మ వంకాయలు కోస్తూ తల ఎత్తకుండా, “నీ చెయ్యి కోసమేనే” అంది. అమ్మకూ తెలుసు. అందరికీ తెలుసు. ఆ చేయి ఉన్న నాకు ఒక్కదానికే తెలియదు.

చాచాతో మాట మానేశాను. ఆ రోజుల్లోనే గల్లీవాళ్ళు కూడా ఆయనతో మాట మానేశారు. నిన్నటిదాకా నిప్పు కోసం, ఉప్పు కోసం ఆ గుమ్మం తొక్కినవాళ్ళు ఆయన ఎదురైతే తల దించుకొని పోయేవారు. ఫోటోల అబద్ధం వాళ్ళకూ తెలిసిపోయిందని, అందుకే అలిగారని నేను అనుకున్నాను. నా పక్షాన ఇంతమంది ఉన్నారని ధైర్యం కూడా వచ్చింది. వాళ్ళు దూరమైనది ఆయన ముసల్మాను అయినందుకని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

దసరా ముందు ఒక ఉదయం చాచా వచ్చాడు. ఎప్పుడూ నేరుగా వంటింటి దాకా వచ్చే మనిషి ఆ రోజు గడప బయటే నిలబడ్డాడు. ఒక కొత్త పలక, బలపం గడప మీద పెట్టి, “పండుగనాడు పంతులు కాడికి తోల్కపో చెల్లె” అని అమ్మతో అన్నాడు.

ఆయనకు సిగ్గు రావాలని నేను పలక లాక్కున్నాను. సిపాయిని గీశాను. తలపాగా, చెవి, మీసం, కోటు, పై నుంచి కింద దాకా గుండీలు. రెండో గుండీని ఎంత ఒత్తి దిద్దానంటే బలపం కీచుమంది, కానీ విరగలేదు. పలకను ఆయన కాళ్ళ దగ్గరికి తోశాను.

“ఇగో, వీనికి అన్నీ ఉన్నయ్. వీడు అబద్ధం కాదు.”

చాచా పలక చూడలేదు. అమ్మా చూడలేదు. ఇద్దరూ నా చేతినే చూస్తున్నారు. బలపం ఇంకా నా బొటనవేలికీ పక్క రెండు వేళ్ళకూ మధ్య, దూదిపుల్ల ఉండే చోటనే ఉంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంత కష్టపడి గీసిన నా సిపాయిని ఒక్కరూ చూడలేదని నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

“నన్ను తిట్టు బిడ్డా,” అన్నాడు చాచా. “బలపం మాత్రం గట్లనే పట్టు.”

దసరాకు నన్ను బడిలో వేశారు. ఎక్కువ ఏళ్ళు చదవలేదు. లెక్కలు నాకు నేనే నేర్చుకొని, రాంగోపాల్‌పేటలో ఒక దారాల కొట్టుకు ఇన్నేళ్ళుగా పద్దు రాస్తున్నాను. చాచా ఆ చలికాలంలోనే ఇల్లు ఖాళీ చేసి బంధువుల దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు చెప్పలేదు. నేను బడిలో ఉండగా, సిపాయి ఫోటోను అమ్మ చేతికి ఇచ్చి వెళ్ళాడట. దాన్ని కూడా నేను మోసం కిందనే రాసుకున్నాను.

ఇప్పుడు సాయంత్రం పూట మా వాడకట్టు పిల్లలు కొందరు నా దగ్గర కూర్చుంటారు. చిన్నవాళ్ళకు అక్షరాలకంటే ముందు బొమ్మలు, రంగుపెన్సిళ్ళు ఇస్తాను. అంచు దాటకుండా రంగు నింపే పిల్ల వేళ్ళలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అయితే ఇచ్చే ముందు నిజం చెబుతాను. ఇది ఎక్కడికీ పోదు, ఇది నీ వేళ్ళ కోసం, వేసిన బొమ్మ మాత్రం నీదే అంటాను. ఒక్క కాగితం కూడా పారేయను. నిజం విన్నాక కొందరు పిల్లలు కాసేపు వేసి లేచి ఆటకు పోతారు. ఎవరి తల్లి కోసమో వానాకాలమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్న పిల్ల మాత్రం వాళ్ళలో నాకింకా కనబడలేదు. చాచా చేసింది ఒప్పో తప్పో, ఆ లెక్క నాకు ఈనాటికీ తేలలేదు. ఆయన మీద కోపం పోయిందని చెప్పలేను. ఆ మాట రాస్తున్నది ఆయన తెరిచిన వేళ్ళతోనే.

సిపాయి ఫోటో నా గోడ మీద ఉంది. దానికి మళ్ళీ రంగు వేయలేదు. మొన్న ఒక పిల్ల పెన్సిల్ కింద పెట్టి, ఆయన ఎవరని అడిగింది. తెలియదన్నాను. మరి నీ దగ్గరెందుకుందని అడిగింది. చాచా నాతో మొదటిరోజు చెప్పిన ఒక మాట నిజమేనని అప్పుడే నాకు తట్టింది. ఆ పిల్లకు అదే చెప్పాను.

“వాళ్ళమ్మకు పంపాల్సింది బిడ్డా. అందలే.”