చిలక వేయబోతే కొండ వచ్చింది

నేను చదివింది ఐదో తరగతి. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. అప్పట్లో మేం తిరుపతిలో ఉండేవాళ్ళం. మా ఆయన దర్జీ. ఇంటి ముందుగదే అంగడి.

మా వీధి చివర ఆడవాళ్ళకు చేతిపనుల క్లాసు పెట్టారు. నాకు దాంట్లో చేరాలని ఒకటే ఆశ. పోయి అడిగితే టీచరమ్మ, "ఎనిమిది పాసయ్యుండాలమ్మా" అనింది. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. చివరికి, "సరే, శుక్రవారానికి నీ చేత్తో చేసింది ఏదన్నా తీసుకరా. బాగుంటే చూస్తాం" అనింది.

నాకు అల్లికలు రావు. అంగడిలో మిషను కింద ఒక గోతాం నిండా నైలాను, టెరిలిన్ ముక్కలుండేవి. నూలు ముక్కలైతే మసిగుడ్డకో దిండులోకో పనికొస్తాయి. ఇవి నీళ్ళు కూడా పీల్చవు. వాటిమీద బొమ్మ వేద్దామనుకున్నాను.

మొదట మా పిల్లోడి రంగుబిళ్ళలు తీసుకున్నాను. చేమాకు మీద నీళ్ళలాగా రంగు జారిపోయింది. పక్కింట్లో లారీలకు పేర్లు రాసే ఆయన ఉండేవాడు. ఆయన్నడిగి డబ్బా అడుగున మిగిలిన ఆకుపచ్చ పెయింటు తెచ్చుకున్నాను. అది పట్టింది. గురువారానికి చిలక తయారైంది. కానీ బయట ముసురు, రంగు ఎంతకీ ఆరలేదు. తెల్లారితే శుక్రవారం.

తొందరలో పైన పేపరు పరిచి, బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టాను. పేపరు పక్కకు జరిగి పెట్టె అంచు నైలానుకు తగిలింది. జుయ్‌మని పొగ. పేపరు ఎత్తి చూస్తే చిలక లేదు. నైలాను ముడుచుకుపోయి, ఆకుపచ్చ ముద్ద అయిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

వాసనకు మా అత్త వంటింట్లోంచి వచ్చింది.

"ఏం మాడబెట్టినావు మే?"

"చిలక, అత్తా."

ఆమె ఆ ముక్కను వాకిట్లోకి తీసుకుపోయి, చేయి చాచి దూరంగా పెట్టి చూసింది.

"చిలకేంది మే, ఇది మన కొండ కదా. ఈ మడత సూడు. వాన పడితే నీళ్ళు దిగేది ఈడ్నించే."

నేనూ చూశాను. నిజంగానే మా వాకిట్లోంచి కనిపించే కొండే. ముడతలు ముడతలుగా, అక్కడక్కడ నల్లగా.

ఇంక ఇద్దరం కూర్చున్నాం. చొక్కాల డబ్బా అట్ట మీద దాన్ని కుట్టాను. దిండులోంచి దూది లాగి మబ్బులు పెట్టాను. గోతాం మూతికి కట్టిన పురిదారం విప్పి మెట్లదారి చేశాను. దారి పొడుగునా ఆవాలు అతికించాను. అవి నడిచిపోయే జనం. అత్త కాలినడకన చాలాసార్లు కొండెక్కిన మనిషి. ఆమె నన్ను ఊరికే ఉండనివ్వలేదు.

"ఈడ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. ఇంతమందిని పెడితే ఎట్ల ఎక్కుతారు మే? ఒకామెను ఈ పక్కన కూర్చోబెట్టు. కాళ్ళు నొప్పి ఆమెకు."

ఒక ఆవగింజను తీసి పక్కన పెట్టాను.

మా ఆయన వచ్చి ఇస్త్రీపెట్టె తిరగేసి చూసినాడు. "అడుగున ఈ బంక ఏంది మే? తెల్లచొక్కా ఇస్త్రీ చేయాల్సి ఉండాది నాకు." కాగితం మీద ఉప్పు చల్లి, పెట్టెను దాని మీద రుద్ది రుద్ది శుభ్రం చేసిచ్చాను. ఏమనుకున్నాడో, అట్ట చుట్టూ ఎర్ర టెరిలిన్ అంచు ఆయనే మిషను మీద కుట్టినాడు.

శుక్రవారం టీచరమ్మ అట్టను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. కొండను వేలితో తడిమింది.

"ఇది ఏం కుట్టమ్మా?"

"కుట్టు కాదు టీచరమ్మా. కాలిపోయింది."

జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వుతూనే రిజిస్టరు తెరిచింది. నా పేరు రాసి, చదువు అనే గడి దగ్గర ఆగి, దాన్ని ఖాళీగా వదిలేసింది.

"సోమవారం పదికి రా. అందరికీ ఇది నేర్పించాల నువ్వు."

నాకే సరిగ్గా తెలియని పని ఎట్లా నేర్పించేది? శనివారం, ఆదివారం గోతాంలోని ముక్కలన్నీ తీసి కాల్చడమే పని. టెరిలిన్ ముడుచుకోవాలంటే పెట్టె ఇంకా బాగా కాలాలి. నైలానుకు కొంచెం దూరంగా పట్టుకున్నా చాలు. పసుపు ముక్క ముడుచుకుని బంతిపువ్వు అయింది. ఊదా ముక్క అచ్చం వంకాయ.

అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడపలో నిలబడింది.

"క్లాసుకు పోయేలోపల ఇల్లన్నా మిగిలిస్తావా మే?" అంటూనే, ఇంకో ముక్క నా ముందుకు తోసింది.