గోడ బయటి మందారాలు

నాచారంలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు ప్రహరీ గోడకూ రోడ్డుకూ మధ్య బారెడు వెడల్పున స్థలం మిగిలింది. వీధిలో ఎవరిల్లు కట్టినా మిగిలిన ఇటుక ముక్కలూ కంకరా అక్కడే పోసేవాళ్లు. చూసీ చూసీ ఒక ఎండాకాలం నేనే గడ్డపార పట్టాను. ఉప్పల్ అవతల నుంచి ట్రాలీ ఆటోలో ఎర్రమట్టి తెప్పించి, బర్రెల కొట్టం ఎరువు కలిపి మందారం, నందివర్ధనం, గన్నేరు పెట్టాను. మేకలు తినకుండా జాలీ కట్టాను. ఫ్యాక్టరీ నుంచి ఎంత అలిసి వచ్చినా వాటికి నీళ్లు పోయందే బూట్లు విప్పేవాణ్ణి కాదు.

స్థలం సర్కారుదే, చెట్లు మాత్రం నావి. నా ఈ వాదన పొద్దున్నే వాకింగుకు వచ్చేవాళ్లకు పట్టలేదు. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో కొక్కెం కట్టిన కర్ర. ఆరోగ్యం, పుణ్యం రెండూ ఒకే రౌండులో అయిపోవాలి వాళ్లకు. నేను లేచేసరికి నా చెట్లు గుండు చేయించుకున్నట్టు ఉండేవి. 'పూలు కోయరాదు' అని అట్ట కడితే, దాన్ని పక్కకు జరిపి మరీ కోశారు. నాకు పిచ్చి లేచింది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అని ఫ్యాక్టరీ మూస్తే చాలు, టీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర కాపలా కాసేవాణ్ణి. ఒక పెద్దమనిషిని పట్టుకుని, "దొంగపూలతోని పూజ జేస్తే దేవుడు ఒప్పుకుంటడా సార్?" అని వీధంతా వినేలా అడిగాను. ఆయన పూలన్నీ గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజంతా నేను ఏదో గెలిచినవాడిలా తిరిగాను.

నాన్న పోయాక అమ్మ జనగామ దగ్గరి మా ఊరి నుంచి వచ్చి మాతోనే ఉండేది. మా దేవుడి పటాలకు రోజూ తాజా పూలుండేవి. అమ్మ పూలబండి దగ్గర కొంటోందనుకున్నాను.

ఆ పెద్దమనిషి సంగతి జరిగిన కొన్నాళ్లకే, ఒక పొద్దున వెనక వీధి ఆవిడ అమ్మను వెంటబెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఈ పెద్దమ్మ మీ ఇంటామెనా?"

అమ్మ కొంగు కింద కవరు, దాన్నిండా ఎర్ర మందారాలు.

"మా చెట్టు పూలు తెంపుకోవద్దంటలేను. మొగ్గలు గూడ తెంపుతున్నది. మా ఇంట్ల గూడ దేవుడున్నడు గద, జర నాలుగు ఉంచుమని చెప్పున్రి." మెల్లగానే అంది. నా చేత తిట్లు తిన్న వాకింగువాళ్లు ఆగి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె నాలుగు తిట్టిపోసినా ఇంతకంటే నయంగా ఉండేది.

లోపలికి రాగానే అమ్మ మీద అరిచాను. "ఇంటి ముంగట గిన్ని పూలు పెట్టుకొని మంది ఇండ్ల పొంటి తిరుగుడేందమ్మా? నా ఇజ్జత్ ఏంగావాలె?"

అమ్మ కవరు దేవుడి గూట్లో పెట్టింది. "గవి నీ పూలు గద బిడ్డా. ఒక్కటి తక్కువైనా పొద్దుగాల్నే ఎవర్నో ఒకర్ని తిడ్తవు. నన్ను గూడ గట్లనే అంటవేమోనని భయమైంది."

నాకు అన్నం పెట్టే మనిషి నాకు భయపడి, నా గడప ముందున్న పూలు వదిలేసి, ఎవరి గోడ పక్కనో నక్కి నక్కి పూలు కోసుకుంటోంది. గేటు దగ్గర పడ్డ సిగ్గు దీని ముందు ఎంత? "రేపటి నుంచి నీకు కావల్సినన్ని తెంపుకో" అన్నాను. సరేనంది.

మర్నాడు పొద్దున గేటు బయటి నుంచి పిలుపు వినబడి వెళ్లాను. అమ్మ మందారం కొమ్మను వంచి పట్టుకుని, తెంపకుండా నిలబడి ఉంది.

"బిడ్డా, గీ రెండు తెంపుకోనా?"

దారిన పోయేవాళ్లు నా జవాబు కోసం ఆగారు. తెంపుకో అమ్మా అన్నాను. అడగొద్దని ఎన్నిసార్లు చెప్పినా, అమ్మ బతికున్నన్నాళ్లూ నన్ను అడిగే తెంపింది.