రాయి మీద వదిలేసిన వాక్యం

మా తమ్ముడు గుండెపోటుతో పోయాడని ఏడేళ్లు అందరికీ చెప్పాం. ముప్పై ఏళ్లవాడికి గుండెపోటేంటండీ అని ఎవరూ అడగలేదు. అడగనందుకు సంతోషించాం కూడా. కానీ బడిలో నేను పిల్లలకి గుండె పాఠం చెప్పాల్సి వచ్చినా, చర్చి మెట్ల మీద ఎవరైనా బీపీ సంగతి ఎత్తినా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుండేది అమ్మకీ నాకూ.

నిజమేంటంటే, తమ్ముడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. అంతకు కొన్ని నెలల ముందునుంచే నిద్ర పట్టేది కాదు వాడికి. ఆఫీసులో ఫైలు తెరిస్తే అక్షరాలు బుర్రకెక్కడం లేదనేవాడు. డాక్టరుకి చూపిద్దామని ఒకసారి అనుకుని, నలుగురూ ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. పైపెచ్చు, "అందరికీ ఉన్న బాధలేరా. కాస్త ప్రార్థన చేసుకో, అదే పోతుంది" అన్నాను. నలభై మంది పిల్లలకి బుద్ధులు చెప్పేదాన్ని, బుద్ధిలేని మాట అన్నాను. ఆ తర్వాత వాడు నాతో బాధ చెప్పుకోవడం మానేశాడు.

సమాధుల తోటలో నాన్న పక్కన చోటున్నా, అమ్మ గోడవార మూలే అడిగింది. అక్కడైతే ఎవరి కళ్లూ పడవని. మావాళ్ల సమాధి రాళ్ల మీద పేరూ తేదీలూ చెక్కించి, వాటి కింద "ప్రభువునందు నిద్రించెను" అని రాయిస్తారు. రాయి చెక్కేవాడు అడిగితే, ఆ వాక్యం వద్దు, చోటు మాత్రం ఉంచమంది. అలా పోయినవాడికి ఆ మాట చెల్లదని ఆవిడ నమ్మకం. పరలోకంలో నాన్నని చూస్తాను గానీ కొడుకుని చూడలేననుకునేది. ఆవిణ్ణి తినేసిన బెంగ అదొక్కటే.

సమాధుల పండుగ రోజు మధ్యాహ్నం ఊళ్లో మావాళ్లంతా వెళ్లి సున్నాలు వేస్తారు, వెలిసిపోయిన అక్షరాలకి నల్లరంగు దిద్దుతారు, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. మేము రెండు రోజుల ముందే దొంగల్లా వెళ్లి దిద్దుకుని వచ్చేసేవాళ్లం.

కిందటేడు పండుగకి నాలుగు రోజుల ముందు, మాకు ఎప్పుడూ చేపలు తెచ్చే ఆవిడ గుమ్మంలో తట్ట దింపింది. యానాం వైపునుంచి వచ్చిన చీరమేను, ఆ ఏటికి మొదటిది. వెంట్రుకల్లాంటి ఆ చిన్న చేపలంటే తమ్ముడికి ప్రాణం. వాడు పోయాక మా ఇంట్లో వండలేదు. అమ్మ వద్దంది.

"చిన్నబాబుగారికి ఇష్టం కదండీ" అంది ఆవిడ. "ఆయనుంటే నా తట్ట దింపడానికి వీధిలోకొచ్చేసేవోరు."

ఏడేళ్లలో మా గుమ్మంలో వాడి ఊసు ఎత్తిన మనిషి ఈవిడే. అమ్మ వెంటనే అలవాటు కొద్దీ గుండెపోటు పాఠం అప్పజెప్పబోయింది.

"తెలుసండీ అమ్మగారూ," అంది ఆవిడ మెల్లిగా. "ఊరందరికీ తెలుసు. మీరు బాధపడతారని ఎవరూ అనరంతే. ఎలా పోతే ఏంటండీ, నా చేపలు తిన్న నోటిని మర్చిపోతామా?"

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు, మా మీద. లోకులు పలుగాకులని మేము తలుపులు బిగించుకు కూర్చుంటే, ఆ లోకులే ఏడేళ్లుగా మా అబద్ధాన్ని మాకోసం మోస్తున్నారు!

అమ్మ గిన్నె తెచ్చి చీరమేను పోయించుకుంది. మినప్పిండిలో కలిపి గారెలు వేస్తూ వాడి అల్లరంతా చెప్పింది, నవ్వింది, ఏడ్చింది. పొయ్యి దగ్గరే నేను వాడితో అన్న మాట చెప్పేశాను. నన్ను తిడుతుందనుకున్నాను.

"నేనూ అదే అన్నానే," అంది. "వాడికి జబ్బు చేసింది. మనకి తెలియలేదు." గారె తిరగేసి, "జబ్బుతో పోయినవాణ్ణి ప్రభువు బయట నిలబెడతాడంటావా?" అంది.

నిలబెట్టడమ్మా అన్నాను. ఈసారి తెలిసే అన్నాను. ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా నిద్ర పట్టడం లేదంటే, ప్రార్థన చేసుకోమని ఊరుకోను. పక్కన కూర్చుని సూటిగా అడుగుతాను, డాక్టరు దగ్గరికి తోడు వెళ్తాను.

పండుగ రోజే, అందరూ ఉండగానే వెళ్లాం. నేను సున్నం వేశాను. అమ్మ ఒకప్పుడు సండే స్కూల్ బోర్డు మీద వాక్యాలు రాసేది, దస్తూరీ ముత్యాల్లా ఉండేది. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. అయినా నల్లరంగులో కుంచె ముంచి, ఖాళీ చోట్లో "ప్రభువునందు" అని రాసింది. "నిద్రించెను" దగ్గర అక్షరాలు కిందికి జారాయి. జారనీ అంది.

పక్క సమాధి దగ్గర మా చర్చి ఆవిడే ఒకావిడ చాలాసేపటి నుంచి చూస్తోంది. అది ఆవిడ భర్తది. ఆయనా గుండెపోటుతోనే పోయారని చెప్పేవారు. ఆ రాయి మీదా పేరూ తేదీలే, కింద ఖాళీ. ఇన్నేళ్లూ పక్కనే ఉన్నా నేను గమనించలేదు.

"అమ్మగారూ," అందావిడ, "ఆ కుంచె ఒకసారి ఇస్తారాండీ?"

అమ్మ రంగు డబ్బా కూడా ఇచ్చింది.