అత్త మింగిన కేక

మా మేనత్తకు నీళ్లంటే ఎంత భయమంటే, తలకు పోసుకునేటప్పుడు కూడా కళ్లు గట్టిగా మూసుకునేది. యుద్ధం రోజుల్లో, పుంగనూరు దగ్గర వాళ్ల ఊరికి తాగునీళ్లు దిగుడుబావి నుంచే. ఆ మెట్ల మీద జారి ఒక పిల్ల మునిగిపోయాక, తన కూతురికి ఈత నేర్పమని అత్త నన్ను పిలిపించింది. గురువుగా నా అర్హత, అదే బావిలో రెండుసార్లు మునిగి కూడా బతికుండటం.

నడుముకు తాడు కట్టినా పిల్ల మెట్టు మీద వణుకుతోంది.

"యాల పాపా భయం? నాకు లేదే!" అంది అత్త.

"అట్లయితే నువ్వు ముందు దుంకు మా."

అత్త నా వైపు చూసింది. నేను బావి వైపు చూశాను, లోతేమీ తగ్గలేదు. అత్త పిల్ల తాడు విప్పించి తన నడుముకు కట్టించుకుని, కళ్లు మూసుకుని దూకేసింది. కేక కూడా వేయలేదు. తాడు పట్టి పైకి లాగాను.

మెట్టు మీద దగ్గుతూ, కూతురితో అంది: "అబద్ధం సెప్పినా పాపా. నాకు ఈత రాదు. శానా భయం. అయినా దుంకినా గదా."

పిల్ల తాడు కట్టించుకుని వెంటనే దూకింది. అప్పుడు అరిచింది అత్త, ఇందాక మింగిన కేకను కూడా కలిపి.

నీళ్లలోంచి పిల్ల కసిరింది: "అరవాకు మా! కాళ్లు ఆడిస్తాండా గదా!"