లూకోత్ దొంగ

మొగుడు తుఫానులో పోయాక రుఫీనా పడవ అమ్మేసి సముద్రపు కుందేళ్ళను పెంచడం మొదలుపెట్టింది. పేరుకే కుందేళ్ళు. పైకి గుల్ల కనిపించని నత్తలవి. తలమీద చెవుల్లాంటి కొమ్ములు, ఒళ్ళంతా బురదముద్ద. మోకాటిలోతు నీళ్ళలో వెదురుకర్రలు పాతి, చుట్టూ వలదడి కట్టి వాటిని సాకేది. ప్రతిదీ మగదే, ప్రతిదీ ఆడదే, అన్నీ గుడ్లు పెట్టేవే. చిక్కుపడ్డ పచ్చని సేమ్యాలా ఉండే ఆ గుడ్లదారాలే లూకోత్. వెనిగర్, అల్లం కలిపి పచ్చిగానే తింటారు. ఊళ్ళో ఎవరింట విందు జరిగినా రుఫీనా గుమ్మానికి రావలసిందే.

ఆ వేసవిలో లూకోత్ సగానికి పడిపోయింది. సరిగ్గా అప్పుడే ఆడపడుచు తోమాసా బుట్టలో లూకోత్ కనిపించసాగింది. ఆమెకు వలదడి లేదు. ఎక్కడిదని అడిగితే నాచుగడ్డిలో ఏరుకున్నానంది. రుఫీనా సరేనంది గాని నమ్మలేదు. అన్న బతికుండగా చెప్పాపెట్టకుండా పడవ తోలుకెళ్ళిన మనిషే కదా! ఇక తోమాసా నడిచే దారిమీద, ఆరేసిన బట్టలమీద ఓ కన్నేసింది. ఒకరోజు ఆమె లంగా అంచున ఊదారంగు మరక కనిపించింది. ఆ నత్తను కదిలిస్తే చిమ్మే రంగే అది.

మర్నాడు పొద్దున్నే ఆటుకు నీళ్ళు వెనక్కి తీయగానే రుఫీనా తోమాసా వెనకాలే నడిచింది. తోమాసా వలదడివైపు చూడనైనా చూడలేదు. దాన్ని దాటి గడ్డిలోకి వెళ్ళింది. అక్కడ రాళ్ళు పేర్చిన గుంటలో బలిసిన నత్తలు కదులుతున్నాయి.

"ఎవరివే ఇవి?"

తోమాసా ఉలిక్కిపడింది. "గడ్డిలో దొరికాయి వదినా."

"గడ్డిలో పుట్టాయా, నా వలలోంచి వచ్చాయా?"

"వాటినే అడుగు. నీ పేరు చెబితే పట్టుకుపో."

రుఫీనా వెనక్కొచ్చి వల అడుగంతా తడిమింది. బురదలో చెయ్యి దూరేంత చిరుగు దొరికింది. పీత కొరికిందో, కత్తి కోసిందో పోగులు పట్టి చూసినా తేలలేదు. దాంతో కోపం చల్లబడింది, అనుమానం మాత్రం పోలేదు.

చివరికి ఏ నత్త ఎవరిదో తేలక, ఇద్దరూ కలిసి కొత్త దడి కట్టి నత్తలన్నిటినీ అందులో వేశారు. వచ్చింది చెరిసగం. ఒక్కదాన్ని పంపే నమ్మకం లేక రోజూ ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. పక్కపక్కనే వంగి ఏరుతూ, తెలియకుండానే కబుర్లలో పడేవారు.

ఒకసారి తోమాసాకి జ్వరమొస్తే రుఫీనా ఒక్కతే వెళ్ళి, ఏరింది రెండు బుట్టల్లో తెచ్చి, పెద్దవాటా ఆమె పక్కన పెట్టింది. తోమాసా మంచంమీద లేచి కూర్చుని, రెండు బుట్టలూ చేతులతో ఎత్తి బరువు చూసింది.

"ఇంతేనా వదినా, ఇవాళ?" అంది.