బార్బడోస్ ప్రయాణానికి ప్రార్థన

బార్బడోస్ అనే దీవి పేరు మా ఇంట్లోకి ఆస్పత్రి టీవీలోంచి వచ్చింది. రొమ్ములో గడ్డ తీసేశాక నేను కీమో ఎక్కించుకుంటూ పడుకుని ఉంటే, మా బావ పక్కన కూర్చుని ఆ దీవిలో జరుగుతున్న క్రికెట్ మ్యాచ్ చూస్తున్నాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, నన్ను కట్టుకున్నవాడు. ఇద్దరం ఆత్మకూరులో టీచర్లం. క్రికెట్ అంటే నాకు ఒళ్లుమంట. కానీ ఓవరుకీ ఓవరుకీ మధ్య కెమెరావాడు అక్కడి సముద్రం చూపించాడు. నీళ్లు అంత నీలంగా ఉంటాయంటే నేను నమ్మలేకపోయాను. నాకు తెలిసిన సముద్రం మైపాడు, అది మట్టిరంగులో ఉంటుంది.

"నాకు బాగైతే అక్కడికి తీసకపో బావా" అన్నాను. వాంతి ఆపుకోవడానికి ఏదో ఒకటి మాట్లాడాలని అన్న మాట అది. బావ మాత్రం స్కోరు వదిలేసి ఆ దీవి పేరు నోట్లోనే అనుకుంటూ కూర్చున్నాడు.

వైద్యం అయిపోయింది. జుట్టు మొలిచింది. మళ్లీ బడికి పోతున్నాను. బావ అన్నీ వెతికిపెట్టాడు: లండన్ మీదుగా పోవాలి, గది సముద్రానికి ఎదురుగా ఉండాలి, అక్కడ తుఫానులు ఏ నెలల్లో వస్తాయి, గోంగూర పచ్చడి విమానం ఎక్కనిస్తారా. తేలనిది ఒక్క తేదీయే. ఎందుకంటే నెల్లూరులో నాకు పెద్ద చెకప్ ఉంది. జబ్బు తిరగబెట్టిందో లేదో ఆ స్కానులో తెలుస్తుంది. బాగుందన్న మాట చెవిన వేసుకుని, ఆ తర్వాత హాయిగా పోదామని నేను. కాదు, ముందే పోదామని బావ.

ఎందుకని అడిగితే చెప్పడు. ఒకరోజు టికెట్లు దొరకవంటాడు, ఇంకోరోజు తుఫానులంటాడు. మా బావకు అబద్ధం చేతకాదు. అబద్ధం చెప్పేటప్పుడు గడియారం బెల్టు విప్పి మళ్లీ పెట్టుకుంటాడు. ఆ వేసవంతా బెల్టు విప్పుతూనే ఉన్నాడు. ఒకరోజు నాకు తిక్క రేగి, చేతిలో ఉన్న ఉదయగిరి చెక్క గరిటె సింకులో విసిరికొట్టాను. అప్పుడు కూడా చెప్పలేదు. గరిటె తీసి కడిగి, గోడకు తగిలించాడు.

నెల మొదటి ఆదివారం ఉదయగిరిలో మా పుట్టింటివాళ్ల చర్చికి పోతాం. దూరప్రయాణం పోయేవాళ్లను పాస్టరు అయ్యగారు ముందుకు పిలవడం, చాప మీద మోకాళ్లేసుకున్నవాళ్ల తల మీద ఆడవాళ్లంతా చేతులు పెట్టి ప్రార్థించడం అక్కడి ఆనవాయితీ. కువైట్‌కు పనికి పోయేవాళ్లు, యెరూషలేము యాత్రకు పోయేవాళ్లు, పెద్దాస్పత్రులకు పోయేవాళ్లు, అందరూ ఆ చాప మీద మోకాళ్లేసుకున్నవాళ్లే. సరదాకు విమానమెక్కేవాళ్లు ఇంతవరకూ ఆ చాప తొక్కలేదు. బావ ముందే అయ్యగారికి ఫోన్ చేసి మా ప్రయాణం సంగతి చెప్పానన్నాడు. నేనూ సంతోషంగానే ముసుగు సర్దుకుని ముందుకు పోయాను.

అయ్యగారు గొంతు తగ్గించి, "మన సోదరి పెద్ద వైద్యం కోసం విదేశానికి పోతా ఉండాది. ప్రభువు ఆమెను తిరిగి మన మధ్యకు తీసుకురావాలని కన్నీళ్లతో వేడుకుందాం" అన్నారు.

నా తల మీద చేతులు పడ్డాయి. అప్పుడే ఎవరో వెక్కుతున్నారు. డాక్టరు నాకు చెప్పనిది బావకు చెప్పాడా? అందుకేనా ముందే పోదామని ఆ పోరు? ఆ చేతులన్నీ విదిలించుకుని లేచాను.

"బావా, డాక్టరు నీకేమన్నా చెప్పినాడా?"

మగవాళ్ల వైపు నుంచి బావ లేచి నిలబడ్డాడు. "ఏం చెప్పలా. ఒట్టు" అన్నాడు. చెయ్యి గడియారం మీదికి పోలేదు.

"మరి అయ్యగారికి ఏం చెప్పినావు?"

దానికి అయ్యగారే జవాబిచ్చారు. "విదేశం పోతా ఉండాం, ప్రార్థన చెయ్యండయ్యా అన్నాడమ్మా. ఆ మాట చెప్తా చెప్తా ఏడ్చినాడు. వైద్యానికేమో అనుకున్నా నేను."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. నేను నయమైనందుకు పోదామనుకున్న ప్రయాణాన్ని, నాతో చివరి ప్రయాణం అనుకుని సర్దుతున్నాడు ఈ మనిషి. కోపం వచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. కోపాన్నే ముందు పెట్టుకున్నాను.

"నేను వైద్యానికి పోవడంలా. షికారుకు పోతా ఉండా. సముద్రం పక్కన ఇసకలో పడుకుంటా. అదిగూడా చెకప్ అయినాకే."

"సముద్రానికైతే మైపాడు లేదా?" అని వెనక ఎవరో గొణిగారు. అప్పుడు ముందు వరసలోని అవ్వ, మా నాయనకు పిన్ని, కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను చూసింది. ఆమెకు మాట దాచుకునే అలవాటు లేదు.

"స్కానులో బాగలేదని వస్తే ఏం చేస్తావు పాపా?"

"ఏంది పిన్నీ ఆ మాట!" అని పక్కావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. కానీ మా ఇంట్లో ఇన్నాళ్లూ తిరుగుతున్నది ఆ మాటే. బావ అడగలేకపోయాడు, నేను అడగనివ్వలేదు. చెకప్ తర్వాత అని నేను మొండికేసినప్పుడల్లా, బాగలేకపోతే ఇక వెళ్లేది లేదనే బావకు వినపడి ఉంటుంది. ఆ సంగతి నేనూ ఎప్పుడూ తేల్చుకోలేదు. అయ్యగారి బల్ల పట్టుకుని అవ్వ వైపు తిరిగాను.

"బాగలేకపోయినా పోతాం అవ్వా. వచ్చినాక మళ్లా సూదులేపించుకుంటా. పోయేది మాత్రం పోతాం."

"ఆమెన్" అని మగవాళ్ల వైపు నుంచి గట్టిగా వినిపించింది. పాటలు కూడా పెదాలు కదపకుండా పాడే మా బావ గొంతు అది.

"అట్లయితే మోకాళ్లేసుకో" అంది అవ్వ. అందరికంటే ముందు ఆమే లేచొచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. ఈసారి అయ్యగారు వైద్యం మాట ఎత్తలేదు. కాసేపు తడుముకుని, మేం పోయిన చోట వాన పడకుండా చూడమని దేవుణ్ణి అడిగారు.

ఆత్మకూరు బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు బావ ఫోన్‌లో టికెట్ల పేజీ తెరిచి నా చేతిలో పెట్టాడు. "తేదీ నువ్వే పెట్టు" అన్నాడు. చెకప్ అయిన మరుసటి వారం పెట్టాను. బావ ఒక్కసారి చూసి, కిటికీ పక్క సీటు నాకే ఉండాలన్నాడు.